మూడు సెకన్ల గడువు

జయాబాయికి ఆ ప్లాంట్‌లో ఇరవై ఏడేళ్ళ సర్వీసు. రాయచూరు దగ్గర యాపలదిన్ని దారిలో బొగ్గు కాల్చి కరెంటు చేసే ఆ ప్లాంట్ కొత్తగా లేచిన రోజుల్లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. ఎక్స్‌చేంజి గదిలో అప్పుడు పధ్నాలుగు మంది ఆడవాళ్ళు. ఒకరు బాయిలర్‌కు కలుపుతుంటే, ఇంకొకరు బొగ్గు యార్డును పిలుస్తుంటే, మూడో ఆమె ఎవరో ఆఫీసరు చేత తిట్లు తింటూ ఉండేది. ఇంటికి పోయినా చెవుల్లో ఆ హోరు తగ్గేది కాదు. ఆ రోజుల్లో జయాబాయి దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే, కాస్త నిశ్శబ్దం. దేవుడు కొన్ని కోరికలు ఆలస్యంగా తీరుస్తాడు గానీ, తీర్చేటప్పుడు మాత్రం చెయ్యి ఆపడు.

ఇప్పుడు అదే గదిలో నాలుగు ఇనుప బీరువాలు, వాటి నిండా రూటర్లు, మినుకుమినుకుమనే పచ్చదీపాలు, ఎముకలు కొరికే ఏసీ, ఒక జయాబాయి. ఎక్స్‌చేంజి ఎత్తేసినప్పుడు కొందరు రిటైరయ్యారు, కొందరు ముందే రాజీనామా ఇచ్చి పోయారు. ఈమెను మాత్రం పదిహేను రోజులు బెంగళూరు పంపి ట్రైనింగు ఇప్పించారు. పదో తరగతి చదివిన మనిషికి ఇదేం పట్టుబడుతుందని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆమె ప్రతి కమాండునూ పొడుగు నోటుబుక్కులో చేత్తో రాసుకుని, వంట నేర్చుకున్నట్టే నేర్చుకుంది.

భర్త రామచంద్రయ్య బొగ్గు సెక్షన్‌లో పనిచేసేవాడు. తొమ్మిదేళ్ళ కింద ఒక ఆదివారం మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. కాలనీలో ఒంటిగది క్వార్టరు. పొద్దున పాలవాడితో ఒక మాట, గేటు దగ్గర గుమాస్తాతో ఒక మాట, అంతే. సాయంత్రం ఎవరైనా పలకరిస్తే గొంతు పెగిలేది కాదు, రెండుసార్లు దగ్గితే గానీ మాట బయటికి వచ్చేది కాదు. అందుకని ఇంట్లో టీవీతో మాట్లాడేది. వార్తలు చదివే అమ్మాయికి చీర బాగుందో లేదో చెప్పేది. ఒంటరితనం అలవాటైపోతుందని చెప్పేవాళ్ళను నమ్మకండి. జయాబాయికి తొమ్మిదేళ్ళయినా అలవాటు కాలేదు.

ఇక రూటర్ల సంగతి. పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ప్లాంట్‌లో ఒక పెట్టె, గబ్బూరు దగ్గరి సబ్‌స్టేషన్‌లో ఒక పెట్టె, రెంటికీ మధ్య గాలిలో రేడియో లైను. ఏ సమాచారం ఏ దారిన పోవాలో ఈ రెండూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి. చెప్పుకోవడానికి విశేషాలేమీ లేనప్పుడు కూడా నిమిషానికొకసారి 'ఉన్నాను' అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. మూడు నిమిషాల పాటు అవతలి నుంచి ఆ మాట రాలేదంటే, ఇక అది లేనట్టే లెక్క. దాని దారులన్నీ చెరిపేసి, మొదటి నుంచీ మళ్ళీ పరిచయం చేసుకోవాలి. ఆ మూడు నిమిషాలకే గడువు అని పేరు. ఇందులో ఒక చిత్రం ఉంది. రెండు చివరల్లో ఎవరి గడువు తక్కువైతే అదే ఇద్దరికీ చెల్లుతుంది. ఓపిక ఉన్నవాడి ఓపికకు విలువ లేదు, తొందరపడేవాడి మాటే నెగ్గుతుంది. సంసారాలు కూడా గింతే కదా అని ట్రైనింగులో జయాబాయి పక్కనున్నామెతో అంటే ఆమె నవ్వలేదు. ఆమెకు పెళ్ళి కాలేదట.

పెట్టెలు వచ్చాయి గానీ ఎక్స్‌చేంజి నాటి రూలు ఒకటి అలాగే ఉండిపోయింది. లైను పోయి తిరిగి వస్తే, రెండు చివరల వాళ్ళూ ఫోన్‌లో మాట్లాడుకోవాలి. వేళ, కారణం, అవతలి మనిషి పేరు రిజిస్టర్‌లో రాయాలి. దాన్ని రద్దు చేయాలని ఎవరికీ తోచలేదు. మూడు నిమిషాల గడువుతో లైను ఏడాదికి మూడు నాలుగుసార్లు పోయేది. గబ్బూరు ఆపరేటరు యలమందయ్య ఫోను చేసి, "లైను వచ్చిందండి, రాసుకోండి" అనేవాడు. ఈమె రాసుకునేది. పన్నెండేళ్ళుగా ఆ ఇద్దరికీ ఉన్న పరిచయం అంత మాత్రమే. ఒకరి మొహం ఒకరు చూసి ఎరుగరు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరు హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. పంపింది శృతి అనే కొత్త ఇంజినీరు. ఎక్కడో ఒకచోట లైను పోయిన సంగతి మూడు నిమిషాల దాకా కంట్రోల్ రూముకు తెలియలేదట. తెర మీద పాత కరెంటు అంకెలే కనబడుతుంటే అవే నిజమనుకుని కూర్చున్నారట. కాబట్టి మీ మీ లైన్ల తీరు చూసుకుని గడువు తగ్గించండి అని దాని సారాంశం. జయాబాయి 'తగ్గించండి' దగ్గర ఆగిపోయింది, 'తీరు చూసుకుని' అన్న ముక్క మీద చూపు నిలపలేదు. ఆ వయసులో కూడా మెప్పు మీద ఆశ చావదు మరి. ఆ పెట్టె ఒప్పుకునే అతి తక్కువ గడువు మూడు సెకన్లు. సెకనుకొక పలకరింపు, మూడు సెకన్ల గడువు అని కొట్టి, అయిపోయిందని జవాబు పంపింది. శృతి నుంచి 'గుడ్' అని ఒక్క మాట వచ్చింది. జయాబాయి దాన్ని నాలుగుసార్లు చదువుకుంది.

మార్చి సాఫీగా గడిచింది. ఏప్రిల్ మొదటి వారంలో, ఎండలు ముదిరాక, ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటి ఆరు నిమిషాలకు గబ్బూరు దీపం ఎర్రబడింది. రెండు నిమిషాల్లో మళ్ళీ పచ్చబడింది. ఫోను మోగింది.

"జయాబాయి గారాండీ? గబ్బూరు నుంచి యలమందయ్యని. లైను పోయిందండి, వచ్చిందండి."

"ఊ సార్, ఇక్కడ గూడ వొచ్చింది. కారణం ఏం రాయాలె?"

"ఏవోనండీ. తెలీదని రాసేద్దాం."

ఇద్దరూ 'తెలియదు' అని రాసుకున్నారు. మరునాడూ అదే వేళకు పోయింది. ఆ మరునాడూ అంతే. నాలుగో రోజు యలమందయ్య నవ్వుతూ, "మన లైనుకు మధ్యాహ్నం నిద్ర అలవాటైనట్టుందండీ" అన్నాడు. జయాబాయి కూడా నవ్వింది. నవ్వి, ఆ గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినబడి ఆగిపోయింది.

ఐదో రోజు ఆయన మాట్లాడుతుంటే వెనక ఏదో హోరు వినిపించింది.

"గా చప్పుడేంది సార్?"

"కూలరండీ. మిషన్ల గదికి పెట్టాను. ఇక్కడ ఏసీ చెడిపోయి ఆరేళ్ళయింది. ఎండాకాలం పెట్టెలు మాడిపోతాయని నేనే తెచ్చిపెట్టా. మా బోరుకు కరెంటు రెండున్నరకు గానీ రాదు. నీళ్ళు పట్టి పోసేసరికి మూడవుద్ది."

"ఊళ్ళకు కరెంటు పంచే తావుల, మీ బోరుకు కరెంటు వంతు మీదనా?"

"మంగలి జుట్టు పెరిగే ఉంటుందండీ," అన్నాడాయన.

ఫోను పెట్టాక జయాబాయి పెట్టె రాసుకున్న చిట్టా తెరిచి చూసింది. ఐదు రోజులూ ఒకటే కథ. మూడు దాటగానే కూలరు మోటారు తిరగడం మొదలవుతుంది. ఆ ఊపుకు వోల్టేజి తగ్గి, పాత రేడియో ఒక నాలుగు సెకన్లు తడబడుతుంది. నాలుగే నాలుగు సెకన్లు. ఆరేళ్ళుగా ప్రతి ఎండాకాలం అది జరుగుతూనే ఉంది, మూడు నిమిషాల గడువు ముందు నాలుగు సెకన్లు ఎవరి కంటికీ ఆనలేదు. ఇప్పుడు ఈమె పెట్టె మూడు సెకన్లకే గబ్బూరును చచ్చిపోయినవాళ్ళ లెక్కలో రాసేస్తున్నది. తప్పు కూలరుది కాదు, రేడియోది కాదు. తప్పు ఇక్కడ కూర్చున్న మనిషిది.

దిద్దుకోవడానికి ఒక్క వరుస చాలు. ఇరవై సెకన్లకొక పలకరింపు, అరవై సెకన్ల గడువు. లైను నిజంగా పోతే నిమిషంలో తెలుస్తుంది, కూలరుకు బెదరదు. జయాబాయి ఆ వరుస కొట్టింది కూడా. ఎంటర్ మీద వేలు పెట్టాక, రేపు మూడింటికి ఫోను మోగదు కదా అనిపించింది. కొట్టిన అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. రేపు చేద్దాంలే అనుకుంది.

ఆ రేపు ఆరు వారాలు రాలేదు.

ఆ ఆరు వారాల్లో యలమందయ్య గురించి ఆమెకు చాలా తెలిసింది. ఆయనది గుంటూరు వైపు. తండ్రి కాలంలో తుంగభద్ర కాలువ కింద వరి వేయడానికి మాన్వి దగ్గర ఆంధ్రా రైతులు కట్టుకున్న క్యాంపుకు వచ్చి స్థిరపడ్డారు. పొలం తమ్ముళ్ళు చూసుకుంటారు. భార్య బుల్లెమ్మ పోయి నాలుగేళ్ళయింది. సబ్‌స్టేషన్ వెనక గదిలో తనే వండుకుంటాడు. బుల్లెమ్మ చేసిన గోంగూర రుచి గుర్తుంది గానీ చేసే పద్ధతి గుర్తు లేదని, రోజుకొక రకంగా చేసి చూస్తున్నానని చెప్పేవాడు.

"పుంటికూర ఏగంగనే దించొద్దు సార్. ఎర్రకారం ఏసి మళ్ల ఒకసారి మూత పెట్టాలె."

"గోంగూరలో ఎర్రకారవా? రామ రామ. పచ్చిమిరపకాయలండీ."

"మీ దిక్కు మాట మీకు. మా తాన ఎర్రకారమే. జొన్నరొట్టెల నంజుకుంటే తెలుస్తది."

"ఆ జొన్నరొట్టెలు మీరు ఎట్టా నములుతారోనండీ. నాకు పళ్ళు అరువుకు తేవాలి."

అలా పది నిమిషాలు. ఒక్కోనాడు పావుగంట. ప్యూను గోపాలయ్య ఒకరోజు తలుపు తోసి తొంగి చూశాడు, గదిలో ఎవరో నవ్వుతున్నారని. జయాబాయి ఉలిక్కిపడి కుర్చీ సర్దుకుంది. పొద్దున లేచినప్పటి నుంచి, ఆ పూట ఆయనకు చెప్పవలసినవి పోగు చేసుకునేది. కూలింగ్ టవరు నిచ్చెన మీద కాకి తీగముక్కలతో గూడు కట్టింది. కాలనీ కొళాయిలో బొగ్గునీళ్ళు వచ్చాయి. టీవీ పెట్టడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. ఫోను పెట్టాక మాత్రం రిజిస్టరు తీసి, కారణం దగ్గర 'తెలియదు' అని రాసేది. ఆ మాట రాసేటప్పుడు చెయ్యి కొంచెం తొందరపడేది.

పాపం, ఊరికే మాట్లాడుకోవచ్చు కదా అంటారేమో. ఎలా మాట్లాడుకుంటారు? పని లేకుండా పరాయి మగమనిషికి ఫోను చేయడం ఆమె యాభై మూడేళ్ళ బతుకులో లేదు. పన్నెండేళ్ళలో ఆయనా ఏనాడూ లైను పోకుండా ఫోను చేయలేదు. రూలు ఉంది కాబట్టే మాట ఉంది. లైను తెగాలి, అప్పుడే మాట కలవాలి.

మే పదిహేనో తేదీన అసిస్టెంట్ ఇంజినీరు విజయేంద్ర గదిలోకి వచ్చాడు. రాయచూరు ఊళ్ళోనే పుట్టి పెరిగిన కుర్రాడు, జయాబాయిని అక్కా అని పిలుస్తాడు. చేతిలో నెల రిపోర్టు ఉంది.

"గబ్బూరు ఏంది అక్కా గిట్ల? జిల్లా మొత్తంల గదొక్కటే ఎర్రగ కనిపిస్తుంది. దినాం రెండు నిమిషాలు అంకెలు మాయం. బెంగళూరు నుంచి ఆ మేడం పరేషాన్ చేస్తుంది."

జయాబాయి తెర వైపు తిరిగింది. "మనదాంట్ల ఏమన్న ఉందేమో చూద్దామా సార్?"

"మనదాంట్ల ఏముంటది? చిట్టా సాఫ్‌గ చెప్తుంది కదా, గబ్బూరు పలకలేదని. మన పెట్టె కాచుకొని కాచుకొని వదిలేసింది. గా ముసలాయన మూడింటికి ఏ స్విచ్చో ఆపి పండుకుంటున్నట్టుంది. మెమో పోయింది ఆయనకు. వారంల జవాబియ్యాలె, లేదంటే గబ్బూరుల ఆపరేటర్ పోస్టే తీసేస్తరు. ఆయన్ను స్టోరుల ఏస్తరు."

చెప్పవలసిన సమయం అదే. 'సార్, కాచుకోలేదు, మూడే సెకన్లు ఇచ్చిన' అంటే అయిపోయేది. తేలు కుట్టిన దొంగ ఎక్కడ అరుస్తాడు? విజయేంద్ర వెళ్ళిపోయాడు.

ఆ రోజు మూడింటికి గబ్బూరు దీపం ఎర్రబడలేదు. మూడుంపావు దాకా చూసింది. మూడున్నర అయింది. మరునాడూ పచ్చగానే ఉంది. మూడో రోజు ఫోనును చూస్తూ కూర్చుని, అది చెడిపోయిందేమోనని రిసీవరు ఎత్తి విని పెట్టింది. ఇంటికి పోయి అన్నం వండుకోలేదు. ఆయనకు ఏమైందో అనే భయం ఒక పక్క, మెమో తన వల్లే వచ్చిందని ఆయనకు తెలిసిపోయిందేమోననే భయం ఇంకో పక్క. రెండో భయమే పెద్దదని తెలుసుకుని తన మీద తనకే రోత పుట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికే ఫోను మోగింది.

"జయాబాయి గారూ, లైను పోలేదండి, ఉంది. వేరే పని మీద చేశాను." ఆయన గొంతు ఎండిపోయి ఉంది. మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతున్నాడు. "నాకు మెమో వచ్చిందండి. ఆలోచిస్తే కూలరేసిన వేళకే పోతుందని తట్టింది. అందుకని కూలరు ఆపేశా. మూడు రోజులుగా పోలేదు చూశారా? మీ రిజిస్టర్లో కూడా పోలేదనే ఉందని ఒక్క ముక్క రాసిస్తే, జవాబుకు జత చేస్తానండి."

"కూలర్ ఆపితే మిషన్లు? లోపల ఎంత ఏడి ఉంటది సార్?"

"గోతాలు తడిపి పెట్టెల చుట్టూ వేలాడదీశానండీ. పావుగంటకోసారి నీళ్ళు చల్లాలి, అంతే. బకెట్లు మోయటం కొంచెం ఇదిగా ఉంది. నిన్న కాస్త కళ్ళు తిరిగినయ్యి, కూర్చుంటే సర్దుకుంది. ఏం పర్లేదు. పధ్నాలుగు నెలలుంది నా సర్వీసు, ఇప్పుడు మచ్చెందుకని."

జయాబాయి రాసిస్తానంది. ఇంకేమన్నదో ఆమెకు గుర్తు లేదు. ఫోను పెట్టి, ఆ చల్లటి గదిలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట నలభై నాలుగు డిగ్రీలు. బీపీ మనిషి, యాభై తొమ్మిదేళ్ళవాడు, నిప్పుల కొలిమిలాంటి గదిలో నాలుగు సెకన్లు రాకుండా చూసుకోవడానికి బకెట్లు మోస్తున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే వేరే ఏముంది? ఆమెకు ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది, ఎంత తుడుచుకున్నా తగ్గలేదు.

అప్పటికప్పుడు తెర ముందుకు జరిగింది. ఇరవై, అరవై. ఈసారి ఎంటర్ కొట్టింది. అయితే కొత్త గడువు చెల్లాలంటే, ఉన్న లైనును ఒకసారి తెంచి మళ్ళీ కలపాలి. అదీ చేసింది. దీపం ఎర్రబడింది. పచ్చబడింది. నిమిషం తిరక్కుండా ఫోను మోగింది.

"పోయిందండీ!" యలమందయ్య గొంతులో బెదురు. "కూలరు వెయ్యలేదండీ నేను. ఒట్టు. ఏవీ ముట్టుకోలేదు."

"నేనే తెంపిన సార్."

"మీరా?"

"ఊ. మీరు కూలర్ ఎయ్యుండ్రి. ఇప్పుడే ఎయ్యుండ్రి. ఇగ లైన్ పోదు. తప్పు మీ తాన లేదు. నా తాన ఉండె." ఒక్క గుక్కలో చెప్పేసింది. గడువు తనే మూడు సెకన్లు పెట్టిందని, కూలరు వేసినప్పుడు రేడియో నాలుగు సెకన్లు తడబడుతుందని, ఇప్పుడు దిద్దానని.

అవతల బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది.

"ఇవాళ తెలిసిందాండీ మీకు?"

ఊ అనవచ్చు. అంటే అంతటితో పోయేది. "కాదు సార్. ఐదో దినం తెలిసింది. మీరు కూలర్ మాట చెప్పిన్నాడు."

"ఏప్రిల్లోనా?"

"ఏప్రిల్‌లనే."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

జయాబాయి కళ్ళు మూసుకుంది. "చెప్తే మీ ఫోన్ రాదని."

యలమందయ్య ఆఫీసు గొంతుతో, "రాసుకోండి. రెండూ నలభై ఒకటి. యలమందయ్య, గబ్బూరు" అని ఫోను పెట్టేశాడు.

ఆమె రాసుకుంది. ఆ సాయంత్రమే తెల్లకాగితం తీసుకుని, జరిగింది జరిగినట్టు విజయేంద్రకు రాసిచ్చింది. అతను రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు.

"గల్తీ అయిందని రాస్తే సాలదా అక్కా? ఐదో దినమే తెలిసిందని ఎందుకు రాసిండ్రు? గా ముక్క కొట్టేయుండ్రి, నేను చూసుకుంట."

"కొట్టేస్తే ఆయన మీద సగం నింద అట్లనే ఉంటది సార్. ఉండనియ్యుండ్రి."

గబ్బూరుకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారు. జయాబాయికి హెచ్చరిక వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఎక్కింది. శృతి బెంగళూరు నుంచి ఫోను చేసి, ఇరవై అరవై బాగుంది, అన్ని చోట్లా అదే పెడుతున్నాం అని చెప్పి, ఇంకేమీ అడగకుండా పెట్టేసింది.

లైను ఇక తెగలేదు. తెర మీద గబ్బూరు పేరు పక్కన, ఎన్ని రోజులుగా కలిసి ఉందో ఒక అంకె ఉంటుంది. పది అయింది. ఇరవై అయింది. కూలరు తిరుగుతూనే ఉండాలి, రేడియో రోజూ నాలుగు సెకన్లు తడబడుతూనే ఉండాలి, పెట్టె ఓపిక పట్టి ఊరుకుంటున్నది. పనిమంతురాలిగా జయాబాయి గర్వపడవలసిన అంకె అది. ఆ అంకె పెరిగే కొద్దీ ఆమె ఇంట్లో టీవీ గొంతు పెరిగింది. మునుపు మాట్లాడేది కదా, ఇప్పుడు టీవీతో కూడా మాట్లాడబుద్ధి కాలేదు. పొద్దున్నే ఏదైనా చూసి, ఇది చెప్పాలి అనుకునేది. తరవాత ఎవరికి అని గుర్తొచ్చేది. క్షమించమని అడగడానికైనా ఒకసారి మాట్లాడాలని ఉండేది. కానీ ఏ మొహంతో?

జూన్ చివర్లో వానలు పడ్డాయి. కూలరు అవసరం తీరింది. జులై మొదటి వారంలో విజయేంద్ర ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. జయాబాయి రాసిచ్చిన కాగితం చదివాకే హెడ్డాఫీసుకు తెలిసిందట, ఇంకా ఇలాంటి రూలొకటి ఉందని. లైను పోయి వచ్చినప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుని రిజిస్టర్‌లో రాసే పద్ధతి ఇవాళ్టి నుంచి రద్దు. పెట్టెలు రాసుకునేదే చాలు.

"మీకొక పని తప్పింది చూడుండ్రి అక్కా," అన్నాడు విజయేంద్ర సంతోషంగా. రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయాడు.

జయాబాయి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇంతకాలం, ఎప్పుడో ఒకనాడు పిడుగు పడైనా లైను పోదా, ఆయన చేయక తప్పుతుందా అనే ఆశ ఏ మూలో ఉండేది. ఇప్పుడు అదీ లేదు. లైను పోయినా ఫోను రాదు. ఇంకో ఏడాదికి ఆయన రిటైరై మాన్వి వెళ్ళిపోతాడు. ఈమె ఇంకో ఏడేళ్ళు ఈ దీపాలు చూస్తుంది. ఇక పని పేరు చెప్పుకుని మాట్లాడుకునే దారి లేదు. మాట్లాడితే ఊరికే మాట్లాడాలి, లేదా జన్మలో మాట్లాడకూడదు.

మధ్యాహ్నం మూడయింది. జయాబాయి లేచి తలుపు మూసి వచ్చింది. రెండుసార్లు దగ్గి గొంతు సవరించుకుంది. నంబరు కంఠతా వచ్చు గానీ ఇన్నేళ్ళలో తనంత తాను తిప్పింది లేదు. ఐదోసారి మోగాక ఎత్తారు.

"గబ్బూరు. యలమందయ్య."

"నేను సార్. జయాబాయిని."

"లైను పోయిందాండీ?" అన్నాడు. "ఇక్కడ దీపాలు బాగానే ఉన్నాయే."

"పోలేదు. లైన్ మంచిగుంది."

"మరి?"

అనుకుని పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. తప్పయింది అని, పాణం ఎట్లుంది అని. ఒక్కటీ నోటికి రాలేదు. "పనేం లేదు సార్. ఊరికెనే చేసిన."

లైను సన్నగా హోరుమంటున్నది. పెట్టేస్తాడనుకుంది. పెట్టేస్తే న్యాయమే అనుకుంది. అయినా రిసీవరు దించలేదు.

"ఊరికేనా," అన్నాడు యలమందయ్య చివరికి. ఆ మాట అడిగినట్టు లేదు, విసుక్కున్నట్టూ లేదు. ఒక నిట్టూర్పు వినబడింది. "కాస్త ఉండండి. పొయ్యి మీద టీ పొంగిపోతోంది. దించి వస్తా."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పులు ఈడ్చుకుంటూ అడుగులు దూరమయ్యాయి. ఎక్కడో గిన్నె మూత కింద పడి గిర్రున తిరిగింది, ఆయన దాన్ని విసుక్కున్నాడు. తరవాత గ్లాసు కడిగిన చప్పుడు. జయాబాయి కుర్చీ ముందుకు లాక్కుని, రిసీవరు చెవికి గట్టిగా ఆనించుకుని, ఒక్క చప్పుడు కూడా పోనివ్వకుండా వింటూ కూర్చుంది.